ఏంజెల్స్ ఎగ్: ఆ గుడ్డు పగలగొట్టే హక్కు వాడికెక్కడిది?

నిశాచరి:
1985లో మమోరు ఓషీ తీసిన జపాన్ యానిమే (యానిమేషన్) సినిమా ‘ఏంజెల్స్ ఎగ్’ ఎట్టకేలకు 4కె ప్రింటులో చూశాను. ముగింపు మాట్లాడుకుంటాం, చూడనివాళ్లు ఇక్కడే దిగిపోండి. కథ చిన్నదే. పాడుబడ్డ ఊళ్లో ఒంటరి పిల్ల, లోపల పక్షి ఉందని నమ్మి గౌను కింద పెద్ద గుడ్డు దాచుకుని తిరుగుతుంది. సిలువలాంటి ఆయుధం భుజాన వేసుకున్న కుర్రాడు తోడవుతాడు. ఓ రాత్రి ఆమె నిద్రపోతుంటే గుడ్డు పగలగొట్టి వెళ్లిపోతాడు. నా దృష్టిలో అది పచ్చి నమ్మకద్రోహం. విలువైనవి నీలోనే దాచుకో, లేకపోతే పోగొట్టుకుంటావని మొదట్లో గుడ్డు తిరిగి చేతికిచ్చి చెప్పిందీ వాడే!

వాల్తేరు వాసు:
ద్రోహం ఏంటండీ? లోపల ఏముందో తెలియాలంటే పగలగొట్టాల్సిందేనని ముందే అన్నాడుగా. జాలర్ల సీన్ ఇంకోసారి చూడండి. రాతిబొమ్మల్లా నిలబడ్డవాళ్లు ఉన్నట్టుండి కదిలి, గోడల మీద ఈదే సీలకాంత్ (ప్రాచీన కాలపు జాతి) చేపల నీడల వెంట ఈటెలు పట్టుకుని పరిగెడతారు. అద్దాలు పగులుతాయి, చేప ఒక్కటీ పడదు. చేపలెక్కడా లేవు, అయినా తరుముతున్నారని చెప్పేది ఆ పిల్లే. పక్కవాళ్ల పిచ్చి కనిపించింది, తన గౌనులో ఉన్నది కనిపించలేదు. లేని పక్షిని మోసుకుంటూ ఎన్నాళ్లు తిరుగుతుంది?

గుడ్డిలైట్:
71 నిమిషాల సినిమాలో చెప్పుకోదగ్గ మాటలే లేవు. మంట పక్కన కూర్చున్న షాట్ ఎంతకీ కదలకపోతే ఫోన్ హ్యాంగైందనుకున్నా. ఆర్టిస్ట్ యోషితాకా అమానో బొమ్మలు సూపర్, కథ సున్నా. దీనికింత పంచాయితీనా?

నిశాచరి:
ఆ షాటే కదా బ్రో అసలు సంగతి! పిల్ల పడుకుంది, వాడికి నిద్ర లేదు. అక్కడ గబుక్కున కట్ చేసుంటే ఆవేశంలో కొట్టాడులే అని సరిపెట్టుకునేవాళ్లం. కట్ చేయలేదు కాబట్టి, తీరిగ్గా ఆలోచించుకునే కొట్టాడని అర్థమవుతోంది. టీవీలో ఇలాంటి షాట్ ఎవరు పెట్టనిస్తారు? నేరుగా వీడియో క్యాసెట్ మీద వచ్చింది కాబట్టి చెల్లింది. ఆ పద్ధతిలో వచ్చిన మొదటి యానిమే అని చెప్పుకునే ‘డాలోస్’, 1983, అదీ ఓషీదే.

ఒలీవకొమ్మ:
సండే స్కూల్‌కి వెళ్లినవాళ్లెవరూ నోవహు ఓడ సంగతి ఎత్తలేదేం? ఆదికాండం 8లో పావురం మొదటిసారి కాలు మోపే చోటు లేక వెనక్కొచ్చేస్తుంది. రెండోసారి ఒలీవ ఆకు తెస్తుంది. మూడోసారి రాదు. అంటే నేల ఆరిందని, మంచి రోజులొచ్చాయని. కుర్రాడు చెప్పే కథలో ఆ ఆకే లేదు. పక్షి వెళ్లింది, రాలేదు, చూసి చూసి ఓడలోవాళ్లు దాన్నే మర్చిపోయారు. అప్పుడు ఆ పిల్ల ఏం చేసింది? వాదించలేదు. చెయ్యిపట్టుకు తీసుకెళ్లినట్టు తీసుకెళ్లి గోడలో ఉన్న ఇంత పెద్ద పక్షి అస్థిపంజరం చూపించింది. వాసుగారూ, ‘లేని పక్షి’ అంటున్నారే, మరి అదేంటి? అది చూశాకే కదా వాడు కొట్టింది!

వాల్తేరు వాసు:
అస్థిపంజరమంటే చచ్చిందనేగా మేడమ్. గుడ్డు పగిలాక పెంకులు తప్ప ఇంకేమైనా చూపించారా?

ఒలీవకొమ్మ:
లేదు. పిల్ల లేచేసరికి పెంకులు, ఆ తర్వాత కేక, అంతే. కానీ నీళ్లలో పడ్డాక ఆమె చివరి ఊపిరి బుడగలు పైకి తేలి గుడ్లవుతాయి. ఒకటి పోయి బోలెడు. మీ లెక్కన అన్నీ ఖాళీవేనా?

వాల్తేరు వాసు:
ఖాళీయో కాదో పక్కన పెట్టండి. వాడు కొట్టకపోతే ఆ బోలెడు ఎక్కడినుంచి వచ్చేవి? మీరే నా వైపు వాదిస్తున్నారు.

నిశాచరి:
ఫలితం బాగుంటే చేసిన పని ఒప్పయిపోతుందా? అసలు ఫలితమైనా బాగుందా? చివర్లో ఆకాశంలో కనిపించే ఆ పెద్ద గోళం మీద రాతిబొమ్మల వరుసలో ఆ పిల్ల కూడా రాయై కూర్చునుంటుంది, ఒళ్లో గుడ్డుతో. విడిపించాడంటున్నారు, విడుదలైనది రాయెందుకైంది సార్?

వాల్తేరు వాసు:
దేవతల వరుసలో కూర్చోబెడితే శిక్షంటారేంటండీ!

గుడ్డిలైట్:
ఇది తెగేలా లేదు. 1988లో ఇందులో సీన్లకి మనుషులతో తీసిన ముక్కలు అతికించి ‘ఇన్ ది ఆఫ్టర్‌మాత్’ అని అమెరికాలో వదిలారంట. అందులో మాటలున్నాయంట. నేను అదే చూస్తా.

నిశాచరి:
చూసుకో. చూసొచ్చి ఓషీని మాత్రం తిట్టకు, అది ఆయన తీసింది కాదు.