జెఫర్సన్ అన్న ‘లిటరరీ’కి తెలుగులో ఏ మాట?

పాతపుస్తకం: ఒక వాక్యం కొద్దిరోజులుగా వదలడం లేదు. పసిఫిక్ దాకా దారి వెతకమని లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు సైనికాధికారులను పడమటికి పంపేముందు, 1803 జనవరిలో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఆ దేశపు చట్టసభ కాంగ్రెస్‌కు పంపిన రహస్య సందేశంలోది. ఆ నేల తనదంటున్న స్పెయిన్ దీన్ని ‘లిటరరీ’ పనిగా చూస్తుంది, అసూయపడదు అన్నట్టు ఉంటుంది. తెలుగులో ఎక్కడో ‘సాహిత్య యాత్ర’ అని చదివిన గుర్తు. తుపాకులు, పడవలు, సైనికులతో వెళ్లేది సాహిత్య యాత్రా?

నిఘంటువు: కాదండీ. అప్పట్లో ఆ మాటకు కవిత్వమొక్కటే అర్థం కాదు. భూగోళం, మొక్కలు, నక్షత్రాలు అన్నీ అందులోవే. లూయిస్‌ను ఫిలడెల్ఫియా పంపి వృక్షశాస్త్రం నేర్పించింది అందుకే. ‘విద్యా’ అనాలి.

గోదారిగట్టు: ‘వాఙ్మయ’ అంటే సరిపోదా మాస్టారూ? సాహిత్యం కన్నా విశాలమైన మాట.

నిఘంటువు: మిస్సోరి నదిని కొలిచి పటం గీయడం వాఙ్మయం ఎలా అవుతుంది? పైగా అక్కడున్నది ‘యాత్ర’ కూడా కాదు, ‘పర్స్యూట్’. దానికి మనకు చక్కగా ‘వ్యాసంగం’ ఉంది.

సెయింట్‌లూయిస్‌వాసి: ఆ మాట ఎవరి కోసం వాడాడో చూడండి. అదే సందేశంలో కాంగ్రెస్‌కు చెప్పిన ముఖ్య కారణం వాణిజ్యం. రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్ పరిధిలోకి వచ్చేది అదే మరి. భూగోళ జ్ఞానం పెరగడం అదనపు సంతోషమట! అడిగిన 2,500 డాలర్లకూ ‘విదేశీ వాణిజ్య విస్తరణ’ అనే పద్దు. అంతకు కొద్దివారాల ముందే స్పెయిన్ రాయబారి ఇరుహోతో దీన్ని తిరగేసి చెప్పాడు: నిధుల కోసం వాణిజ్యం అంటాం గానీ అసలు ఉద్దేశం భూగోళ జ్ఞానమేనని. అప్పటికి మిసిసిపీకి పడమటనున్న ఆ లూసియానా ప్రాంతం అమెరికా చేతికి రానేలేదు. కొనుగోలు ఒప్పందం ఏప్రిల్ 30న.

పాతపుస్తకం: అయితే అది ముసుగు మాట అంటారా?

సెయింట్‌లూయిస్‌వాసి: 1783లో ఆయనే క్లార్క్ అన్నగారు జార్జ్ రోజర్స్ క్లార్క్‌కు రాసిన ఉత్తరం చూడండి. ఇంగ్లండులో ఇలాంటి అన్వేషణకే పెద్ద చందా పోగైందని విని, జ్ఞానం కోసమే అంటున్నారు గానీ అక్కడ వలసలు పెట్టే ఆలోచన ఉందని నా భయం అన్నాడు. ఇంకొకరి నోట విన్నప్పుడు నమ్మని మాటను, ఇరవై ఏళ్లకు స్పెయిన్ నమ్ముతుందని లెక్క వేశాడు.

నిఘంటువు: ముసుగైనా మాటకు అర్థం మారదు కదా. మొక్కల నమూనాలు, పటాలు నిజంగానే తెచ్చారు.

గోదారిగట్టు: అసలైన సాహిత్య యాత్ర అంటే శ్రీనాథుడు విజయనగర రాజు ప్రౌఢదేవరాయల సభకు వెళ్లడం! అక్కడి పండితుడు గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి ఆయన కంచుఢక్క పగలగొట్టాడు. వాణిజ్యమూ ఆయన దగ్గరే ఉంది. హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ సెట్టి సముద్ర వ్యాపారి. సరుకూ సరస్వతీ ఒకే పీఠికలో!

పాతపుస్తకం: బాగుంది గానీ ఇక్కడి సరుకు బొచ్చుతోళ్లు. మిస్సోరి తెగల దగ్గరి తోళ్లు వేరే దేశం వ్యాపారానికి పోతున్నాయని, ఆ దారి ఉత్తరాన చాలాకాలం మంచుతో మూసుకుపోతుందని సందేశంలోనే ఉంది. ఆ వేరే దేశం బ్రిటన్ అని వేరే చెప్పాలా? 1793కే బొచ్చు వ్యాపారి, అన్వేషకుడు మెకెంజీ కెనడా మీదుగా పసిఫిక్ చేరాడు. జెఫర్సన్‌కు ఆ కంగారూ ఉంది.

సెయింట్‌లూయిస్‌వాసి: స్పెయిన్ నమ్మనేలేదు లెండి. లూయిస్, క్లార్క్‌లను అడ్డుకోవడానికి తమ చేతిలో ఉన్న శాంటా ఫే పట్టణం నుంచి పదేపదే దళాల్ని పంపారు, ఒక్కటీ అందుకోలేకపోయింది. ఆ తెగల్ని మాత్రం ఏ మాటా వాడి అనుమతి అడగలేదు. నాకు మింగుడుపడనిది అదే.

నిఘంటువు: గోదారిగట్టు గారూ, శ్రీనాథుడు కంచుఢక్క పగలగొట్టలేదు. చాటువులో ఉన్నది ‘పగులగొట్టించితి’. ఆ ‘ఇంచు’ వదిలేస్తే ఎలా?

గోదారిగట్టు: ‘ఇంచు’ ఉన్నంత మాత్రాన ప్రతిదీ ప్రేరణార్థకం కాదు మాస్టారూ. ఆ పద్యంలో ‘తీర్థమాడించితి’ కూడా ఉంది. అక్కడ ఆడించినదెవరు, ఆడినదెవరు? ముందు అది చెప్పండి.