పడకగదిలో దేనికదే బాగుంది, కలిపి చూస్తే కుదరట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. మాది పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. పడకగది 11 బై 12 అడుగులు. నేల లేత క్రీమ్ టైల్స్. ఒక గోడ నిండా కప్‌బోర్డులు, ముదురు గోధుమరంగు మైకా. మంచం టేకుది, పెళ్ళికి మా పుట్టింటివాళ్ళు పెట్టింది. రెండేళ్ళ కిందట మంచం వెనక గోడకి ఊదారంగు వేయించాం. పోయిన దీపావళికి నీలం కర్టెన్లు కొన్నాను. ఏ వస్తువుకి ఆ వస్తువు బాగానే ఉంది. గదిలోకి అడుగుపెడితే మాత్రం నలుగురి సామాన్లు ఒకచోట దించినట్టుంది.

కిటికీ పడమటిది. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ మంచం మీదకే వస్తుంది. చేతిలో 30 వేలున్నాయి. గోడలకి మళ్ళీ పెయింట్ వేయిద్దామని షేడ్ కార్డు తెచ్చి నాలుగు రోజులుగా తిరగేస్తున్నాను, ఏదీ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. మంచం తల దక్షిణానికే ఉండాలని అత్తయ్యగారి మాట, అది మార్చను. ఏం చేయమంటారు?

జవాబు (బెంజిసర్కిల్, విజయవాడ)

ముందు ఆ ముదురు మైకా తీయించి తెల్ల మైకా వేయించండి. గది పెద్దదిగా కనిపిస్తుంది.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

పై సలహా నాకు నచ్చలేదండి. గోడంత కప్‌బోర్డులకి మైకా మార్చాలంటే ఉన్న డబ్బులో చాలా భాగం అక్కడే పోతుంది, కర్టెన్లకీ లైట్లకీ ఏమీ మిగలదు. మరీ పాతగా కనిపిస్తే పిడులు మార్చుకుంటే చాలు.

అమ్మా, ఆ షేడ్ కార్డు ముందు లోపల పెట్టేయండి. పెయింట్ ఆఖరి పని. షాపులో మెషిన్ మీద ఏ షేడ్ కావాలంటే అది కలిపిస్తారు. బట్ట అలా కాదు, బజారులో ఉన్నవాటిలోంచే ఏరుకోవాలి. గోడకి రంగు ముందే వేసేసుకుంటే, దానికి సరిపోయే దుప్పటి కోసం ఊరంతా తిరగాలి. మా ఇంట్లో నేను చేసిన పొరపాటు అదే.

మీరు మార్చలేనివి మూడున్నాయి: నేల, కప్‌బోర్డులు, మంచం. క్రీమ్, గోధుమ, టేకు తేనెరంగు. ఆ మూడూ ఒక ఇంటివే, వాటికి గొడవ లేదు. తర్వాత వచ్చిన ఊదాకీ నీలానికీ ఈ మూడిటితో చుట్టరికం కలిపే వస్తువు గదిలో ఒక్కటీ లేదు. అందుకే నలుగురి సామాన్లలా ఉంది.

ఆ చుట్టరికం కలిపేది ఒక బట్ట. మా ఇంట్లో పెడన కలంకారీ దుప్పటి ఆ పని చేసింది. పాత పద్ధతిలో బట్టని కరక్కాయలో ముంచుతారు, దాంతో వెన్నలాంటి లేత పసుపు వస్తుంది. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నలుపు. వాటి పక్కన ఇటుక ఎరుపు. ఒక్క దుప్పటిలో మూడు నాలుగు రంగులు ముందే పొందిగ్గా కూర్చుని ఉంటాయి, మనం కొత్తగా జత కలపక్కర్లేదు. దుప్పటి మంచం మీద పరిచి, కప్‌బోర్డు తలుపు ఒకటి తెరిచిపెట్టి, సాయంత్రం అయిదింటికి గుమ్మంలో నిలబడి చూశాను. బట్ట అడుగున ఉన్న వెన్నరంగే గోడకి కావాలని అప్పుడు తెలిసింది. ఎరుపు రెండు దిండు గలీబులకీ, ఒక చిన్న తివాచీకీ సరిపెట్టాను, అంతకు మించి వాడలేదు.

ఇంటీరియర్ పని చేసేవాళ్ళు 60-30-10 అంటుంటారు. గదిలో 60 పాళ్ళు ఒక రంగు, 30 పాళ్ళు రెండోది, మిగిలిన పదే కొట్టొచ్చినట్టు కనిపించేది. కొలిచి చూసుకునే లెక్క కాదు గానీ మీ గదికి పనికొస్తుంది. నేల, గోడలు కలిపి ఆ అరవై. కప్‌బోర్డులు, మంచం ముప్ఫైని ఇప్పటికే తీసేసుకున్నాయి. కర్టెన్లకి కొత్త రంగు పెట్టే చోటు లేదు, గోడ రంగులోనే కాస్త ముదురు తీసుకోండి. మంగళగిరి నూలు బట్ట బాగుంటుంది. కలంకారీని మాత్రం ఆ పడమటి కిటికీకి వేలాడదీయకండి, ఎండకి రంగు వెలిసిపోతుంది.

జవాబు (వన్‌టౌన్, విజయవాడ)

చెల్లెమ్మా, నేను కర్టెన్లు కుడతాను. మీ కిటికీ వెడల్పు అయిదడుగులు అనుకుందాం. రాడ్ అటూ ఇటూ ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే ఆరడుగులు. కుచ్చు నిండుగా రావాలంటే బట్ట దానికి రెట్టింపు, పన్నెండడుగులు. 48 అంగుళాల పన్నా, అంటే బట్ట వెడల్పు, అయితే మూడు పన్నాలు పడతాయి. ఏడున్నర అడుగుల ఎత్తులో రాడ్ పెట్టి నేల దాకా దింపితే, మడతలకి పది అంగుళాలు కలిపి పన్నాకి వంద అంగుళాలు. మొత్తం ఎనిమిది మీటర్లు. కిటికీ మట్టానికే ఆపేస్తే పొట్టి లాగులా ఉంటుంది, నేల దాకా దింపండి. నూలు బట్ట కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి, కుట్టాక కుంచించుకుపోతే చేసేదేమీ లేదు. వెనక మందపాటి లైనింగ్ తప్పనిసరి, మీ ఎండకి అదే అడ్డం.

ప్రశ్న అడిగినవారు

అక్కా, దుప్పటి దొరికింది. అందులోని వెన్నరంగుకి దగ్గరగా ఉన్న మూడు షేడ్లు చిన్న డబ్బాలు తెచ్చి గోడ మీద రెండడుగుల చదరాలు వేశాను. పగలు మధ్యది చాలా బాగుంది. రాత్రి లైటు వేస్తే పాలిపోయి, కాస్త నీలంగా కనిపిస్తోంది. షేడ్ తప్పు ఎంచుకున్నానా?

బ్రాడీపేట, గుంటూరు

షేడ్ తప్పు కాదమ్మా, లైటు తెలుపు. ట్యూబ్‌లైట్ అట్ట మీద 6500 కెల్విన్ అని ఉంటుంది చూడండి, ఆ తెలుపులో నీలం పాలు ఎక్కువ. 3000 కెల్విన్ బల్బులు, అంటే పసుపు వెలుగువి, రెండు తెచ్చి మంచానికి అటొకటి ఇటొకటి పెట్టి, అదే చదరాన్ని మళ్ళీ చూడండి. ట్యూబ్‌లైట్ తీసేయొద్దు, బట్టలు సర్దుకోవడానికి కావాలి. వేరే స్విచ్ ఉంటే చాలు. ఇంకోమాట, ఊదా మీద లేత రంగు నేరుగా వేయనివ్వకండి. ముందు తెల్ల ప్రైమర్ పడాలి, లేకపోతే ఊదా కిందనుంచి తొంగిచూస్తుంది.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

పని అయింది. బల్బులు మార్చాక మధ్య షేడే ఖాయం చేశాం. ఊదా గోడకి ప్రైమర్ ఒక కోటు చాలలేదు, రెండు పట్టాయి. కర్టెన్లకి అన్నయ్యగారు చెప్పినట్టే ఎనిమిది మీటర్లు సరిగ్గా సరిపోయాయి. అన్నీ కలిపి 24 వేలయింది. మంచం పక్క బల్లలు ఇంకా కొనలేదు, దుప్పటి పక్కన పెట్టి చూశాకే కొంటాను. నిన్న మధ్యాహ్నం అత్తయ్యగారు మా గదిలో పడుకున్నారు. నాలుగింటికి నేను కర్టెన్ తీయబోతే, ఉండనీ అన్నారు.