జబర్దస్త్ పాత స్కిట్ ఒకటి వెతుకుతున్నా, ఎవరికైనా గుర్తుందా?

అందరికీ నమస్కారం. ఈటీవీలో 2013లో జబర్దస్త్ మొదలైన కొత్తల్లో చూసిన స్కిట్ ఒకటి రెండు వారాలుగా వెతుకుతున్నాను, దొరకట్లేదు. ఒక దొంగ అర్ధరాత్రి ఇంట్లోకి దూరితే ఆ ఇంటాయన భయపడకుండా కూర్చోబెట్టి తన అప్పుల గోల చెప్పుకుంటాడు, చివరికి దొంగే జేబులో డబ్బులు తీసిచ్చి వెళ్ళిపోతాడు. జడ్జిలు నాగబాబు, రోజా, యాంకర్ అనసూయ. అంతవరకు గ్యారంటీ. టీమ్ మాత్రం వేణుదా, ధన్‌రాజ్‌దా అని మా అన్నయ్యకీ నాకూ రోజూ గొడవే.

ఇది ఇప్పుడెందుకంటే, మొన్న బలగం మళ్ళీ చూశాను. జబర్దస్త్‌లో నవ్వించిన వేణు 2023లో అలాంటి సినిమా రాసి, డైరెక్ట్ చేశాడంటే ఇప్పటికీ ఆశ్చర్యమే (నేనైతే రెండోసారి కూడా ఏడ్చాను, అది వేరే సంగతి). సుడిగాలి సుధీర్ హీరో అయ్యాడు, గెటప్ శ్రీను కూడా రాజు యాదవ్‌లో హీరోగా చేశాడు, వీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. నాకు కావాల్సింది ఆ మొదటి రోజుల్లో పక్కన చిన్న చిన్న వేషాలు వేసినవాళ్ళ గురించి. స్కిట్ పేలింది సగం వాళ్ళ టైమింగ్ వల్లే, పేర్లు మాత్రం ఎవరికీ గుర్తుండవు.

యూట్యూబ్‌లో వెతికితే ముక్కలు ముక్కలుగా కట్ చేసిన వీడియోలే వస్తున్నాయి, వాటి మీద తేదీ ఉండదు, టీమ్ పేరు ఉండదు. ఫుల్ ఎపిసోడ్ లింక్ గానీ, ప్రసారమైన తేదీ గానీ తెలిస్తే చెప్పండి ప్లీజ్. ఆ దొంగ వేషం వేసినాయన ఇప్పుడేం చేస్తున్నాడో తెలిసినా చాలు.