జూమ్ ఉండగా 50 ఎంఎం ప్రైమ్ దేనికి?

కొత్తకన్ను: నాది క్రాప్ సెన్సర్ (రీలు ఫ్రేము కన్నా చిన్న సెన్సర్) కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ జూమ్. అందులోనే 50 కూడా ఉంది కదా! అయినా ఎవరిని అడిగినా 50 ఎంఎం ఎఫ్/1.8 కొనమంటున్నారు. ముందుకూ వెనక్కీ జరగని, అంటే జూమ్ చేయలేని ప్రైమ్ లెన్స్‌తో ఏం లాభం? కొంటే 35 మేలా, 50 మేలా?

నీడలవేట: లాభమంతా వెలుతురులోనే. మీ జూమ్ 55 దగ్గరికి వచ్చేసరికి ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). ఎఫ్/1.8లో దానికి దాదాపు పదింతల వెలుతురు వస్తుంది. ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 6400 పెట్టాల్సిన చోట 640 చాలు. రాత్రిపూట ఇంట్లో పిల్లల్ని తీసి చూడండి, తెలుస్తుంది. స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుందే గాని వాళ్ల పరుగును ఆపదు.

రీలుకాలం: ఇవన్నీ లెక్కలు. 50 అంటే మనిషి కన్ను చూసినది చూసినట్టు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియర్-బ్రెసన్ ఎక్కువగా తీసింది దానితోనే. రీలు రోజుల నుంచి పెళ్లిళ్లు తీస్తున్నవాణ్ణి, నాకా పాఠాలు!

కొలబద్ద: కన్ను చూసేది 50 కన్నా చాలా విశాలం. రీలు ఫ్రేమంత ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ., దాని కర్ణం 43 మి.మీ. పైచిలుకు. దానికి దగ్గరగా ఉన్న ఫోకల్ లెంగ్త్‌నే (18, 50 అని లెన్స్‌కు చెప్పే ఎంఎం అంకె) స్టాండర్డ్ అంటారు. 1925 నాటి లైకా కెమెరా 50తో వచ్చింది, అదే అలవాటైంది. క్రాప్‌లో 50 పెడితే ఫుల్‌ఫ్రేమ్‌పై 75, 80 పెట్టినంత ఇరుకవుతుంది. అడిగినవారిది ఏ కెమెరానో చదివారా?

రీలుకాలం: చదివాను. కెమెరా మారితే లెన్స్ మారుతుందా? 50లో ముక్కు ఉబ్బదు, ముఖం సాగదు. అది లెన్స్ గుణం.

కొలబద్ద: లెన్స్ గుణం కాదు, దూరం గుణం. ఒకేచోట నిలబడి 18లో ఒకటి, 50లో ఒకటి తీయండి. మొదటిదాన్ని కత్తిరించి రెండోదాని పక్కన పెట్టండి. ముక్కుకూ చెవికీ ఉన్న నిష్పత్తి రెండింట్లో ఒకటే.

రీలుకాలం: కత్తిరించుకుంటూ కూర్చునే తీరిక మాకు లేదు. జనం గోడకు తగిలించుకునేది నా ఫొటోలను, మీ కర్ణాన్ని కాదు.

నడకపిచ్చి: ఇద్దరూ చెబుతున్నది ఒకటే కదండీ. 50 పెడితే ఆయన వెనక్కి జరగక తప్పదు, అందుకే ముక్కు బాగుంటోంది. నా బాధ వేరు. ఇరుకు గదిలో పుట్టినరోజు ఫొటో తీయబోతే వీపు గోడకు ఆనింది, ఇంకా ఇద్దరు ఫ్రేముకు బయటే. కాళ్లే జూమ్ అని చెప్పేవారు గోడల సంగతి ఎత్తరు!

నీడలవేట: ఎఫ్/1.8 మోజులో పడి ఇది మరవకండి. ఫుల్‌ఫ్రేమ్‌పై మీటరు దూరంలో స్పష్టంగా వచ్చే లోతు నాలుగు సెంటీమీటర్లే, క్రాప్‌లో ఇంకా తక్కువ. దగ్గరి కంటి రెప్పవెంట్రుకలు లెక్కపెట్టవచ్చు, చెవి మాత్రం చెరిగిపోతుంది. ఇద్దరుంటే ఎఫ్/4 పెట్టండి.

గాజుబిళ్ల: ఇంత చవక లెన్స్ ఇంత పదునుగా ఎలా వస్తుందని ఎవరూ అడగరేం? పాల్ రుడాల్ఫ్ 1896లో జైస్ కంపెనీకి గీసిన ప్లానార్ అనే లెన్స్ డిజైన్ వంశమే చాలా 50లది. ఆరేడు గాజు బిళ్లలతో పని తీరిపోతుంది. పాతది కొంటే టార్చి వేసి చూడండి, లోపల సాలెగూడులాంటి బూజు కనబడితే వదిలేయండి. నికాన్ డి3000, డి5000 శ్రేణుల కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. వాటిపై సొంత మోటారు లేని పాత 50 డి రకం చేత్తో తిప్పుకోవాల్సిందే.

కొత్తకన్ను: అయ్యా, 35 కొననా, 50 కొననా?

కొలబద్ద: 1.5 రెట్ల క్రాప్‌పై 35 పెడితే ఫుల్‌ఫ్రేమ్‌పై 52 పెట్టినట్టే. జూమ్‌ను 35 దగ్గర టేపు వేసి వారం తిరగండి, మరో వారం 50 దగ్గర. ఏది విసుగు పుట్టించకపోతే అది కొనండి. ఇంట్లో తీసేవే ఎక్కువైతే 35 అనే అంటాను.

రీలుకాలం: 50 కొనండి. టేపు వేసి తీసిన ఫొటోగ్రాఫర్‌ను నేనింతవరకు చూడలేదు.