అమెరికా కోచ్‌కు ఇచ్చిన మాటకు ఎంతవరకు కట్టుబడాలి?

ప్రశ్న (ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, విజయనగరం):
నేను 800 మీటర్లు పరుగెత్తుతాను. అమెరికాలో ఒక డివిజన్ 1 (కళాశాల క్రీడల్లో అన్నిటికన్నా పై స్థాయి) విశ్వవిద్యాలయం కోచ్ వీడియో కాల్‌లో ఫీజులో కొంత భాగం స్కాలర్‌షిప్‌గా ఇస్తామంటే, నాన్నగారి ఎదుటే సరేనన్నాను. ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఇప్పుడు మరో విశ్వవిద్యాలయం మొత్తం ఫీజు భరిస్తామంటోంది. విజ్జీ స్టేడియంలో తెల్లవారుజామునే స్టాప్‌వాచ్ పట్టుకుని, ప్రతి రౌండు సమయమూ నోటుపుస్తకంలో రాసి, నా వీడియోలు తన ఫోనులోనే తీసి పంపిన మా మాస్టారు మొదటి చోటికే వెళ్లమంటున్నారు. నా బాధ్యత ఏమిటి?

జవాబు (వ్యాయామ ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం):
అమ్మా, నియమాల ప్రకారం నోటిమాటకు నువ్వూ బద్ధురాలివి కావు, ఆ కోచ్ కూడా కాదు. ఫలానా కళాశాలలోనే చేరతానని విద్యార్థి సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతి 2024 అక్టోబరులో రద్దయింది. ఇప్పుడు స్కాలర్‌షిప్ ఒప్పందం మీద సంతకం చేశాకే ఇతర కోచ్‌లు నిన్ను సంప్రదించడం మానాలి. అయినా మొదటి కోచ్‌కు తెలియనివ్వకుండా బేరం సాగించడం నాకు న్యాయంగా తోచదు. కళాశాల క్రీడాకారులు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందం తర్వాత చాలా డివిజన్ 1 జట్లకు సభ్యుల సంఖ్యపై పరిమితి వచ్చింది కాబట్టి, నీకోసం అట్టిపెట్టిన చోటు మరో అమ్మాయికి దక్కకుండా ఆగి ఉండవచ్చు. ఈ వారంలోనే ఇంటి పరిస్థితి వివరించి, స్కాలర్‌షిప్ పెంచగలరేమో అడుగు. అలా అడిగినందుకు కోచ్‌లు తప్పుపట్టరు.

జవాబు (ఒక తండ్రి, బొబ్బిలి):
మా అబ్బాయి చేరినది డివిజన్ 3 కళాశాల. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్ ఉండదు. కోచ్ ఎర్లీ డెసిషన్‌లో, అంటే సీటు ఇస్తే తప్పక చేరతానన్న మాట మీద ముందుగానే, దరఖాస్తు చేయమన్నారు. దాని మీద విద్యార్థి, తల్లిదండ్రులు, పాఠశాల కౌన్సిలర్ సంతకాలు చేస్తారు కనుక, సీటు వస్తే మిగతా దరఖాస్తులు ఉపసంహరించుకోవాల్సిందే. ఇచ్చే ఆర్థిక సహాయం చాలకపోతేనే మినహాయింపు. ఎక్కడైనా సీటు ఇచ్చేది అడ్మిషన్ల కార్యాలయమే తప్ప కోచ్ కాదు. అందుకని రెండో కోచ్ మాటను కూడా రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే మొదటివారిని వదులుకో తల్లీ.

జవాబు (పూర్వ క్రీడాకారిణి, రాజాం):
మాస్టారి విషయం ఎవరూ ఎత్తలేదు. వీడియోలు పంపింది ఆయన గనుక ఆ కోచ్ దృష్టిలో నీ మాటకు పూచీ ఆయనే. రేపు ఆయన మరో పిల్లను పరిచయం చేయాలన్నా ఆ నమ్మకమే ఆధారం. ఏ కళాశాలన్నది నీదీ, మీ ఇంటివారిదీ నిర్ణయం. కానీ మెయిలు పంపేముందు దాన్ని ఆయనకు చూపించు, మొదటి చోటే మంచిదని ఎందుకంటున్నారో అడుగు చెల్లీ.