కొహనోవ్‌స్కీ లూట్ పద్యం: చివరి రెండు పాదాలకి తెలుగు?

తీగమాట:
కొన్నాళ్లుగా ఒక పద్యం సగమే గుర్తొచ్చి వేధిస్తోంది. పదహారో శతాబ్దపు పోలిష్ కవి యాన్ కొహనోవ్‌స్కీ, లూట్ (వేళ్లతో మీటే తీగవాద్యం) విద్వాంసుడు బాక్‌ఫార్క్ మీద రాసిన నాలుగు పాదాల చిరుపద్యం. పోలిష్‌లో ఆయన పేరు బెక్‌వార్క్. లూట్‌కి మాటలొస్తే "మిగతావాళ్లంతా దూదీ వాయించుకోండి, నన్ను మాత్రం బెక్‌వార్క్‌కి వదిలేయండి" అనేదట. ఆ "దూదీ"ని సన్నాయి అన్న అనువాదం ఎప్పుడో చదివాను. నాకు నప్పలేదు. మీరైతే ఏమంటారు?

పాతపుస్తకాలు:
సన్నాయి కానే కాదండీ. దూదీ అంటే తోలుసంచిలో గాలి నింపి వాయించేది, బ్యాగ్‌పైప్. దానికి మనకి చక్కటి మాట ఉంది: తిత్తి. మేకతోలుతో చేస్తారు. "మీరంతా తిత్తులు ఊదుకోండి" అంటే సరిగ్గా దిగుతుంది.

కోనసీమ పాఠకురాలు:
నేను విన్న తిత్తి శ్రుతి కోసం పట్టేదే. పోలిష్ దూదీకి శ్రుతి గొట్టంతో పాటు వేళ్లతో పాట పలికించే గొట్టం కూడా ఉంటుంది. పైగా "ఊదుకోండి"లో ఉన్న ఈసడింపు మూలంలో లేదు. అక్కడున్నది "గ్రాయ్‌చే", వాయించండి అని. లూట్‌కీ అదే క్రియ, దూదీకీ అదే క్రియ.

పాతపుస్తకాలు:
క్రియలో లేకపోయినా వాద్యంలోనే ఉంది కదా ఈసడింపు! లూట్ రాజాస్థానంలోది, దూదీ పల్లెది.

కోనసీమ పాఠకురాలు:
కొహనోవ్‌స్కీకి పల్లె అంటే చిన్నచూపా? సెయింట్ జాన్ పండుగ రాత్రి పన్నెండుమంది పల్లెపడుచుల గొంతులతో పాటల మాల కట్టిన కవి ఆయన.

వార్సా శ్రోత:
నేనుండేది ఇక్కడే కాబట్టి ఒక్క మాట. అసలు తేల్చాల్సింది దూదీ కాదు, ఆ పేరు. నేటి పోలిష్‌లో క తర్వాత వచ్చే వ సాధారణంగా ఫ అయిపోతుంది. రాసేది బెక్‌వార్క్, వినిపించేది బెక్‌ఫార్క్. బాక్‌ఫార్క్‌కి ఎంత దగ్గరో చూడండి. కాబట్టి తెలుగులో "వా" వద్దు, "ఫా" రాద్దాం. చివరన ఉన్న "ఓవి" మన "కి" లాంటి విభక్తి. పద్యం బరువంతా దానిమీదే ఉంది: బెక్‌ఫార్క్‌కి, ఇంకెవరికీ కాదు.

తీగమాట:
పదహారో శతాబ్దంలో కూడా అలాగే పలికేవాళ్లంటారా?

పాతపుస్తకాలు:
ఉచ్చారణ మాట ఎలా ఉన్నా, ఆ పేరు సామెతలోకి ఎక్కేసింది. "బెక్‌వార్క్ తర్వాత లూట్ అందరూ పట్టలేరు" అంటారు పోలండ్‌లో. ట్రాన్సిల్వేనియాలోని బ్రషోవ్‌లో పుట్టినవాడు, 1549 నుంచి 1566 దాకా పోలండ్ రాజు రెండో సిగిస్మండ్ అగస్టస్ కొలువులో ఉన్నాడు. 1576లో పాదువాలో ప్లేగుతో పోయాడు. పరదేశి పేరు మీద పోలిష్ సామెత!

గట్ తీగలు:
అందరూ దూదీ దగ్గరే ఆగిపోయారు. నాకు ముఖ్యమనిపించేది "మాటలొస్తే" అన్న మొదటి పాదం. బాక్‌ఫార్క్ ఏం చేసేవాడు? జోస్కాఁ, గోంబెర్, క్లెమెన్స్ లాంటివాళ్ల మోటెట్‌లు, అంటే పలువురు కలిసి లాటిన్‌లో పాడే బహుస్వర కీర్తనలు, తీసుకుని వాటిలోని గొంతులన్నిటినీ ఆరు వరసల తీగల మీదకి దింపేవాడు. ఒకే చేతి వేళ్లు నాలుగైదు గొంతుల్ని విడివిడిగా మీటాలి, ఏ గొంతూ తెగకూడదు. 1553లో లియోన్‌లో, 1565లో క్రాకోవ్‌లో అచ్చయిన పుస్తకాల్లో ఇవే ఎక్కువ. మాటలున్న పాట మాటల్లేకుండా లూట్‌లోకి వచ్చింది. అలాంటి లూట్‌కి కవి మాటలు తిరిగిచ్చాడు! పద్యం ఆయువుపట్టు ఇదేనని నా నమ్మకం. దూదీకి ఏ పేరు పెట్టినా ఇది చెడదు.

పాతపుస్తకాలు:
కొంచెం లాగినట్టుంది కానీ బావుంది. అయితే కొహనోవ్‌స్కీ దగ్గర లూట్ అన్నిచోట్లా వాద్యం కాదు. 1580 నాటి విలాపగీతాల్లో ఆరోది చూడండి. మూడేళ్లయినా నిండకుండా చనిపోయిన కూతురు ఉర్షులాని స్లావుల సాఫో అని పిలుస్తాడు, సాఫో అంటే ప్రాచీన గ్రీకు కవయిత్రి. నా భూమిలో వాటాయే కాదు, నా లూట్ కూడా వారసత్వంగా నీకే రావాల్సింది కదమ్మా అంటాడు. అక్కడ లూట్ అంటే కవిత్వం. ఎన్నిసార్లు చదివినా అక్కడ గొంతు పూడుకుపోతుంది.

వార్సా శ్రోత:
ఆ వాక్యంలో "వారసత్వ హక్కు" అన్నది కోర్టు భాష. తండ్రి ఏడుపులో దస్తావేజు మాట పెట్టాడు, అందుకే అంత కోస్తుంది.

గట్ తీగలు:
వారసత్వం అంటే గుర్తొచ్చింది. పోలిష్ లూట్‌కి వారసులు ఎక్కడెక్కడో తేలారు. వొయ్‌చెఖ్ ద్వుగొరాయ్ పోలండ్‌ని ఏలిన బాతోరీ రాజు కొలువులో వాయించి తర్వాత జర్మనీకి వెళ్లిపోయాడు. యాకూబ్ పోలాక్ పారిస్‌లో స్థిరపడ్డాడు. దియోమెడెస్ కాటో వెనిస్‌లో పుట్టి పోలండ్‌లో పెరిగాడు. 1603లో కొలోన్‌లో బెసార్ అనే లూట్ విద్వాంసుడు వేసిన లూట్ రచనల సంకలనంలో ముగ్గురూ పక్కపక్కనే ఉన్నారు. ద్వుగొరాయ్ ఫాంటసీలు, అంటే స్వేచ్ఛగా అల్లిన వాద్య రచనలు, వినండి, చిన్నవే గానీ మనసుని వదలవు.

తీగమాట:
మళ్లీ పద్యానికి వద్దాం. మూలంలో పాదానికి ఎనిమిది అక్షరాలు, రెండేసి పాదాలకి అంత్యప్రాస. మొదటి రెండు పాదాలు తర్వాత కట్టుకోవచ్చు. చివరి రెండూ ఇలా ప్రయత్నించాను:

మీరంతా తిత్తులూదండి
నను బెక్ఫార్కుకివ్వండి

కోనసీమ పాఠకురాలు:
లెక్క కుదిరింది. కానీ "ఇవ్వండి" కాదు, "వదిలేయండి". ఇవ్వాలంటే లూట్ మన సొత్తు అయ్యుండాలి. మీ జోక్యం వద్దంటోంది లూట్. "తిత్తులూదండి" మీద నా అభ్యంతరం అలాగే ఉంది.

పాతపుస్తకాలు:
తిత్తిని మాత్రం నేను వదలను. "వదిలేయండి"ని ఎనిమిదిలో ఇరికించండి చూద్దాం.