గంటకు రౌండ్ చేస్తే 10:30 ఎందుకొస్తోంది?

ప్రశ్న: పైథాన్‌లో ఎపాక్ సెకన్లను (1970 మొదటి నుంచి లెక్కించే సెకన్లు) 3600తో భాగించి శేషం తీసేస్తున్నాను. ఉదయం 10:50కి 10:00 రావాలి కదా, 10:30 వస్తోంది. 15 నిమిషాలకైతే సరిగ్గానే ఉంది. తప్పెక్కడండీ?

జవాబు: లెక్క యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తోంది. మన 10:50 అక్కడ 5:20. అది 5:00కి దిగితే ఇక్కడ 10:30. యూటీసీతో మన తేడా ఐదున్నర గంటలు, అంటే 19800 సెకన్లు. అది 900తో (పావుగంట) శేషం లేకుండా పోతుంది, 3600తో (గంట) పోదు. ముందు 19800 కలపండి, శేషం తీసేయండి, మళ్ళీ 19800 తగ్గించండి. నేపాల్ టైముకి (5:45) అరగంట కూడా తేడా కొడుతుంది.

జవాబు: దగ్గరి పావుగంట కావాలంటే, 900తో భాగించాక రౌండ్ ఫంక్షన్‌ని నమ్మొద్దు. సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు పోతుంది. 10:22:30 వెళ్ళేది 10:30కి, 10:37:30 వెళ్ళేదీ 10:30కే! 450 కలిపి, ఆ మొత్తంలోంచి 900తో వచ్చే శేషం తీసేయండి.

జవాబు: 10:53ని గంట, నిమిషాలుగా విడగొట్టి దగ్గరి పావుగంటకు రౌండ్ చేస్తే నిమిషం 60 అవుతుంది. డేట్‌టైమ్ రీప్లేస్‌లో అదే పెడితే వాల్యూఎర్రర్ (చెల్లని విలువ అనే దోషం) వస్తుంది. బదులుగా టైమ్‌డెల్టా (సమయ వ్యవధి) కలపండి, గంట దానంతటదే మారుతుంది.